శాసనసభ ఐదేళ్ల గడువు ఏ రోజు నుంచి మొదలవుతుంది? సభ్యుల సంఖ్య, మండలి సంగతులు కూడా

గ్రూప్‌టూ ప్రయాణం

అందరికీ నమస్కారం. మొన్న రాసిన నమూనా పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది. రాష్ట్ర శాసనసభ పదవీకాలాన్ని ఏ రోజు నుంచి లెక్కిస్తారు? ఇచ్చిన జవాబులు నాలుగు: ఫలితాలు వెలువడిన రోజు, ముఖ్యమంత్రి ప్రమాణం చేసిన రోజు, సభ్యులు ప్రమాణం చేసిన రోజు, తొలి సమావేశానికి నిర్ణయించిన రోజు. కోచింగ్ సంస్థ ఇచ్చిన కీలో మొదటిదే సరైనదని ఉంది. మా గదిలో నలుగురం నాలుగు రకాలుగా వాదించుకున్నాం.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఒక పుస్తకంలో 294 మంది సభ్యులని, మరో పుస్తకంలో 295 అని రాశారు. తెలంగాణకు 119, 120 రెండూ కనిపిస్తున్నాయి. ఏది నమ్మాలి?

కృష్ణవేణి తీరం

తమ్ముడూ, ఆ కీ తప్పు. నాలుగోదే జవాబు. రాజ్యాంగం 172వ అధికరణంలో సూటిగానే ఉంది. తొలి సమావేశానికి నిర్ణయించిన తేదీ నుంచి ఐదేళ్లు, ఈలోగా రద్దు కాకపోతే. ఐదేళ్లు నిండాక ఎవరూ రద్దు చేయనక్కర్లేదు, సభ తనంతట తానే ముగిసిపోతుంది.

తెలంగాణ రెండో శాసనసభనే చూడండి. 2018 డిసెంబరు 11న ఫలితాలు వచ్చాయి, 13న ముఖ్యమంత్రి ప్రమాణం చేశారు. సభ మాత్రం 2019 జనవరి 17న గాని కొలువుదీరలేదు. అందుకే దాని గడువు 2024 జనవరి 16 దాకా ఉంది. ఫలితాల రోజు నుంచి లెక్క వేస్తే 2023 డిసెంబరు 10కే చెల్లిపోవాలి. ఎన్నికల సంఘం 2023 ఎన్నికల షెడ్యూలు వేసుకున్నది జనవరి 16ను దృష్టిలో పెట్టుకునే.

ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పటి సభ 2024 జూన్ 21న మొదటిసారి సమావేశమైంది. మధ్యలో రద్దు కాకపోతే 2029 జూన్ 20 దాకా ఉంటుంది. ఫలితాలు వచ్చిన జూన్ 4కూ, ప్రభుత్వం ఏర్పడిన జూన్ 12కూ ఈ లెక్కలో చోటు లేదు.

గ్రూప్‌టూ ప్రయాణం

ధన్యవాదాలు మేడమ్. మరి సభ్యుడు ఆలస్యంగా ప్రమాణం చేస్తే? 2023 డిసెంబరు 9న అక్బరుద్దీన్ ఒవైసీ ప్రొటెం స్పీకరుగా, అంటే తాత్కాలిక సభాపతిగా ఉండగా బీజేపీ సభ్యులు ప్రమాణం చేయలేదు, తర్వాత చేశారు. వారి ఐదేళ్లు తర్వాత మొదలవుతాయా?

కృష్ణవేణి తీరం

మొదలవవు. గడువు సభది, సభ్యుడిది కాదు. ఈ ఒక్క మాట పట్టుకుంటే సగం ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది. ఎవరు ఏ రోజు ప్రమాణం చేసినా, ఎవరు ఏ ఉప ఎన్నికలో గెలిచి వచ్చినా, సభ ముగిసిన రోజున అందరూ కలిసే మాజీలవుతారు. ప్రమాణం చేయకుండా సభలో కూర్చున్నా, ఓటు వేసినా 193వ అధికరణం కింద రోజుకు ఐదు వందల రూపాయల జరిమానా ఉంది. ప్రమాణం అవసరం అక్కడ. గడువు లెక్కకు దానితో పని లేదు.

పాత దస్తావేజు

నాయనా, 294కూ 295కూ మధ్య ఉన్న ఆ ఒక్కరు నామినేటెడ్ ఆంగ్లో ఇండియన్ సభ్యుడు. 333వ అధికరణం కింద గవర్నరు నియమించేవారు. ఎన్నికైనవారు 294, ఆయనతో కలిపి 295. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌కు 175, తెలంగాణకు 119 అయ్యాయి. నామినేటెడ్ సభ్యుడిని కలిపి లెక్కించిన పుస్తకాల్లో 176, 120 అని ఉంటుంది. 104వ రాజ్యాంగ సవరణతో 2020 జనవరి 25 తర్వాత ఆ నామినేషన్ ఆగిపోయింది. కాబట్టి పరీక్షలో 175, 119 అని రాయండి. వాటిలో ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీలకు 29, ఎస్టీలకు 7, తెలంగాణలో ఎస్సీలకు 19, ఎస్టీలకు 12 స్థానాలు కేటాయించారు.

ఈ సంఖ్యలు మొదటి నుంచీ ఇలాగే లేవు. 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు శాసనసభలో మన ప్రాంతం వారు 140 మంది ఉండేవారు. వారే కొత్త సభ సభ్యులయ్యారు. 1955 ఎన్నికల నాటికి స్థానాలు 196. అవతల 1952 హైదరాబాదు రాష్ట్ర శాసనసభలో 175 స్థానాలు ఉండేవి, అయితే అందులో మరాఠీ, కన్నడ ప్రాంతాలూ ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 301, తర్వాత 300, 1967లో 287, 1978లో 294. అక్కడి నుంచి 2014 దాకా కదల్లేదు.

మీ పరీక్షలకు పనికొచ్చే అసలు వింత వేరే ఉంది. 1957లో దేశమంతా సాధారణ ఎన్నికలు జరిగాయి గాని, మన రాష్ట్రంలో శాసనసభకు ఓట్లు వేసింది తెలంగాణ ప్రాంతం ఒక్కటే, 105 స్థానాలకు. ఆంధ్ర ప్రాంతంలో 1955లోనే ఎన్నికలు జరిగాయని అక్కడ మళ్లీ పెట్టలేదు. ఆ 196 మంది 1962 ఎన్నికల దాకా కొనసాగారు. ఒక్కసారి ఓటు వేయించుకుని దాదాపు ఏడేళ్లు సభ్యులుగా ఉన్నారన్నమాట. కొత్త రాష్ట్రం, కొత్త సభ అని సరిపెట్టుకున్నారు. నన్నడిగితే ఆంధ్ర ఓటరుకు అది న్యాయం కాదు.

రాయలసీమ రైతుబిడ్డ

ఏడేళ్లా! మా తాతగారి తరం ఇది ఎలా ఊరుకుంది దస్తావేజు గారూ?

పాత దస్తావేజు

అప్పటి వాతావరణం వేరు బాబూ. 1954 నవంబరులో ప్రకాశం గారి ప్రభుత్వం పడిపోయి, రాష్ట్రపతి పాలన వచ్చి, 1955లో మధ్యంతర ఎన్నికలు జరిగాయి. రెండేళ్లకే మళ్లీ ఎన్నికలంటే ఎవరికీ ఇష్టం లేకపోయింది.

గడువు సాగిన సభ ఇంకొకటి ఉంది. 1972 మార్చిలో ఎన్నికైన సభ 1978 దాకా నడిచింది. అత్యవసర పరిస్థితి కాలంలో 42వ సవరణ తెచ్చి లోక్‌సభకూ, శాసనసభలకూ ఆరేళ్లు చేశారు. 44వ సవరణ తిరిగి ఐదేళ్లకు తెచ్చింది. ఆ 1972 సభ మధ్యలో 1973 జనవరి నుంచి డిసెంబరు దాకా రాష్ట్రపతి పాలన కూడా చూసింది. అప్పుడు సభను రద్దు చేయలేదు, నిలిపి ఉంచారు. నిలిపి ఉంచిన కాలం గడువులోంచి పోదు, గడియారం తిరుగుతూనే ఉంటుంది. ఇది గుర్తు పెట్టుకోండి.

కురచ సభలకూ కొదవ లేదు. 1983 జనవరిలో ఎన్నికైన సభ 1984 నవంబరులోనే రద్దయింది. ఆగస్టు 16న రామారావు గారిని గవర్నరు రామ్‌లాల్ తొలగించడం, సెప్టెంబరు 16న మళ్లీ ఆయనే ముఖ్యమంత్రి కావడం అందరికీ తెలిసిందే. 1999లో ఎన్నికైన సభను 2003 నవంబరులో, తెలంగాణ తొలి సభను 2018 సెప్టెంబరు 6న గడువు ఉండగానే రద్దు చేశారు. రాజ్యాంగం ఐదేళ్లను గరిష్ఠ పరిమితిగా పెట్టింది. ఐదేళ్లూ ఉంటుందని హామీ ఇవ్వలేదు.

కార్ఖానా వాసి

గడువు సభది అన్నారు, బాగుంది. కానీ ఆ సూత్రం ఓటరు మీద ఎలా పడుతుందో మా సికింద్రాబాద్ కంటోన్మెంట్ వాళ్లను అడగండి. మా ఎమ్మెల్యే సాయన్న గారు 2023 ఫిబ్రవరి 19న కన్నుమూశారు. సభ గడువు 2024 జనవరి 16 దాకా ఉంది. అంటే మిగిలింది ఏడాది లోపు. ప్రజాప్రాతినిధ్య చట్టం 151ఏ సెక్షన్ ప్రకారం ఖాళీ అయిన ఆరు నెలల్లో ఉప ఎన్నిక జరపాలి, మిగిలిన కాలం ఏడాదికి తక్కువైతే అక్కర్లేదు. అంతే, డిసెంబరు ఎన్నికల దాకా మాకు ఎమ్మెల్యే లేరు.

నీళ్లు రాకపోతే, పింఛను ఆగిపోతే, వీధి దీపాలు వెలగకపోతే ఎవరి దగ్గరకు పోవాలి? కంటోన్మెంట్ అంటేనే ఒక పక్క కంటోన్మెంట్ బోర్డు, మరో పక్క రాష్ట్ర ప్రభుత్వం. ఆ రెండింటి మధ్య మా తరఫున మాట్లాడే మనిషి తొమ్మిది నెలలకు పైగా లేరు. 119 మంది సభలో ఒకరు తగ్గితే సభకు లోటు లేదు. మాకు మాత్రం ఉన్నదే ఒక్కరు.

డిసెంబరులో ఆయన కుమార్తె లాస్య నందిత గారిని గెలిపించుకున్నాం. 2024 ఫిబ్రవరిలో రోడ్డు ప్రమాదంలో ఆమె కూడా పోయారు. ఈసారి గడువు బోలెడు ఉంది కనుక మే 13న లోక్‌సభ ఎన్నికలతో పాటు ఉప ఎన్నిక జరిగింది. ఒకే నియోజకవర్గం, ఒకే రకమైన ఖాళీ. ఒకసారి ఎన్నిక లేదు, ఒకసారి ఉంది. ఇదేం పద్ధతి?

కృష్ణవేణి తీరం

మీ బాధ అర్థమైంది వాసి గారూ. చట్టం ఉద్దేశం ఖర్చు తగ్గించడం, ఆరు నెలల కోసం ఎన్నికలు పెట్టకపోవడం. అయినా ఏడాది అన్న గీత మరీ పెద్దదని నేనూ అనుకుంటాను. ఆరు నెలలకు కుదిస్తే మీకు 2023 వేసవిలోనే ఉప ఎన్నిక జరిగి ఉండేది. దీనికి రాజ్యాంగ సవరణ అవసరం లేదు, పార్లమెంటు మామూలు మెజారిటీతో మార్చగల సెక్షన్ ఇది.

ఓరుగల్లు టీచరమ్మ

మండలిలో పద్ధతి వేరు, అది కూడా చెప్పాలి. శాసనసభలా శాసనమండలి గడువు తీరి ముగియదు, మధ్యలో రద్దు కాదు; మండలినే పూర్తిగా తీసేయడం వేరే సంగతి. సభ్యుడికి ఆరేళ్లు. రెండేళ్లకోసారి మూడో వంతు దిగిపోతారు. ఖాళీ వస్తే ఉప ఎన్నికలో గెలిచిన వారికి మిగిలిన కాలమే దక్కుతుంది. మా వరంగల్, ఖమ్మం, నల్లగొండ పట్టభద్రుల స్థానంలో పల్లా రాజేశ్వర్‌రెడ్డి గారు 2021లో గెలిచారు. 2023 డిసెంబరులో జనగామ ఎమ్మెల్యే అయి మండలికి రాజీనామా చేశారు. 2024 మేలో ఉప ఎన్నిక జరిగి తీన్మార్ మల్లన్న వచ్చారు. ఆయనకు కొత్తగా ఆరేళ్లు రాలేదు, 2027 మార్చి దాకానే. సభలో గడువు సభకు ఉంటే, మండలిలో గడువు కుర్చీకి ఉంటుంది.

గ్రూప్‌టూ ప్రయాణం

టీచర్ గారూ, మండలి సంఖ్య దగ్గరే నాకు అనుమానం. శాసనసభలో మూడో వంతుకు మించకూడదు అంటారు. 119లో మూడో వంతు 39 చిల్లర. తెలంగాణ మండలిలో 40 మంది ఎలా ఉన్నారు?

ఓరుగల్లు టీచరమ్మ

మంచి ప్రశ్న. 171వ అధికరణంలోనే మూడో వంతు గరిష్ఠమని చెబుతూ, ఏ పరిస్థితిలోనూ 40కి తగ్గకూడదని కూడా రాశారు. అక్కడ కనిష్ఠం గెలిచింది. ఆ 40లో ఎమ్మెల్యేలు ఎన్నుకునేవారు 14, స్థానిక సంస్థల నుంచి 14, పట్టభద్రులు 3, ఉపాధ్యాయులు 3, గవర్నరు నామినేట్ చేసేవారు 6. ఆంధ్రప్రదేశ్‌లో ఇదే క్రమంలో 20, 20, 5, 5, 8. మొత్తం 58, అది 175లో మూడో వంతు. విభజన చట్టంలో మొదట 50 పెట్టి, 2015 సవరణతో 58 చేశారు.

ఉపాధ్యాయ స్థానంలో ఓటు వేయాలంటే గడిచిన ఆరేళ్లలో మూడేళ్లు మాధ్యమిక స్థాయికి తగ్గని బడిలోనో కళాశాలలోనో పాఠం చెప్పి ఉండాలి. ఓటరు జాబితా ప్రతిసారీ కొత్తగా తయారవుతుంది. పోయినసారి ఓటు ఉందని ఇంట్లో కూర్చుంటే ఈసారి పేరు ఉండదు. నవంబరు 1 అర్హత తేదీ, ఆ లోపు డిగ్రీ పూర్తయి మూడేళ్లు నిండిన పట్టభద్రులు దరఖాస్తు పెట్టుకోవాలి. ఇక పోలింగు గదిలో వాళ్లు చేతికిచ్చే ఊదారంగు పెన్నుతోనే 1, 2, 3 అని ప్రాధాన్యం రాయాలి. సొంత పెన్నుతో రాసినా, టిక్కు పెట్టినా ఓటు చెల్లదు. 2021లో హైదరాబాద్, రంగారెడ్డి, మహబూబ్‌నగర్ పట్టభద్రుల స్థానానికి 93 మంది పోటీ చేశారు, బ్యాలెట్ పత్రం దినపత్రిక అంత ఉంది. లెక్కింపు రోజుల తరబడి సాగింది. అంత చదువుకున్న వారి ఓట్లు కూడా వేలల్లో చెల్లకుండా పోవడం చూసి మనసు చివుక్కుమంది.

రాయలసీమ రైతుబిడ్డ

టీచర్ గారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. పట్టభద్రుడికి రెండు సభల్లోనూ ప్రతినిధి. నాలాగా పదో తరగతితో ఆపేసి సేద్యం చేసుకునేవాడికి ఒక్క సభలోనే. ఇది ఏ లెక్కన సమానం? వేరుశనగ పండించే రైతుల స్థానం అని ఒకటి మండలిలో ఎందుకు లేదు? అందుకే 1985లో రామారావు గారు మండలిని రద్దు చేయించారు. 22 ఏళ్లు మండలి లేకుండా రాష్ట్రం నడిచింది. 2007లో మళ్లీ తెచ్చారు. 2020 జనవరి 27న మళ్లీ వద్దని 133 ఓట్లతో తీర్మానం చేశారు, 2021 నవంబరు 23న ఆ తీర్మానాన్నే వెనక్కు తీసుకున్నారు. అవసరానికి ఉంచుకుని, అడ్డం వస్తే తీసేసే సభ మనకు ఎందుకు?

ఓరుగల్లు టీచరమ్మ

బాబూ, మీ మొదటి మాటకు నా దగ్గర జవాబు లేదు, అది నిజమైన అన్యాయం. రెండో మాట దగ్గర మాత్రం ఆగండి. 2020లో ఆ తీర్మానం ఎందుకు వచ్చింది? మూడు రాజధానుల బిల్లులను మండలి ఛైర్మన్ సెలెక్ట్ కమిటీకి పంపారు కాబట్టి. రెండో సభ ఉన్నదే అందుకు, తొందరలో ఉన్న బిల్లును నిలబెట్టి నాలుగు మాటలు అడగడానికి. ఆ బిల్లులు మంచివా కావా అన్నది వేరే చర్చ. పని చేసినందుకు సభనే తీసేస్తామనడం నాకు నచ్చలేదు. పైగా శాసనసభ తీర్మానంతో మండలి పోదు, 169వ అధికరణం ప్రకారం పార్లమెంటు చట్టం చేయాలి. ఆ అడ్డుకట్ట ఉండబట్టే ఈరోజు మండలి ఉంది.

కాంట్రాక్టు లెక్చరర్ల జీతాల గురించి, పాత పింఛను గురించి ఓపికగా మాట్లాడింది ఉపాధ్యాయ ఎమ్మెల్సీలే. 119 నియోజకవర్గాల గొడవలో ఆ మాటలు వినిపించవు.

బ్రాంప్టన్ శర్వాణి

కెనడా నుంచి ఒక మాట. ఇక్కడి రాష్ట్రాల్లో ఎక్కడా రెండో సభ లేదు. చివరిగా మిగిలిన క్యుబెక్ కూడా 1968లో తన మండలిని తీసేసింది. మా ఒంటారియో శాసనసభలో 124 స్థానాలు, అన్నీ నేరుగా ఎన్నికైనవే.

మొదటి ప్రశ్నకు సంబంధించి ఇక్కడ ఇంకో తేడా ఉంది. గరిష్ఠ గడువు ఇక్కడా ఐదేళ్లే, కానీ తొలి సమావేశం నుంచి కాదు. ఎన్నికల అధికారులు గెలిచినవారి పేర్లతో ఉత్తర్వు పత్రాలను తిరిగి పంపడానికి ఒక తేదీని ముందే నిర్ణయిస్తారు, అక్కడి నుంచి లెక్క. ప్రభుత్వం సభను ఆలస్యంగా పిలిచినా గడువు జరగదు. ఆ పద్ధతే మేలని నాకు అనిపిస్తుంది. తెలంగాణలో ఫలితాలకూ తొలి సమావేశానికీ మధ్య నెల పైన పోయింది కదా, ఆ నెల గడువు చివర్లో కలిసినట్టే. ముందస్తు ఎన్నికల జబ్బు మాత్రం రెండు చోట్లా ఒకటే. ఇక్కడ నాలుగేళ్లకోసారి ఎన్నికలని చట్టం పెట్టుకుని కూడా, 2022 జూన్‌లో ఎన్నికైన సభను రద్దు చేసి 2025 ఫిబ్రవరి 27నే ఎన్నికలు జరిపారు.

కార్ఖానా వాసి

సభ్యుడు ఉండీ సభకు పోకపోతే? 60 రోజులు రాకపోతే పదవి పోతుందని విన్నాను. ఎంతమందిది పోయింది?

కృష్ణవేణి తీరం

190వ అధికరణం నాలుగో క్లాజు. అనుమతి లేకుండా 60 రోజుల పాటు అన్ని సమావేశాలకూ గైర్హాజరైతే ఆ స్థానం ఖాళీ అయిందని సభ ప్రకటించవచ్చు. ప్రకటించాలి అని లేదు. ఇక రోజుల లెక్క క్యాలెండరు లెక్క కాదు. సభ ప్రొరోగ్ అయిన (సమావేశాలు ముగించిన) కాలాన్నీ, వరుసగా నాలుగు రోజులకు మించి వాయిదా పడిన కాలాన్నీ తీసేయాలి. మన సభలు వారమో పది రోజులో కూర్చుని లేచిపోతాయి. అలాంటి సమావేశాలు కలిపి 60 రోజులు కావాలంటే ఏళ్లు పడుతుంది. 2017 చివరి నుంచి వైఎస్సార్‌సీపీ సభ్యులు శాసనసభను బహిష్కరించారు. 2021 నవంబరు తర్వాత చంద్రబాబు గారు ముఖ్యమంత్రిగా తిరిగి వచ్చేదాకా సభలో అడుగుపెట్టలేదు. ఎవరి స్థానమూ ఖాళీ కాలేదు. ఏ పార్టీ అయినా నాకు ఒకటే, ఓటరు పంపింది సభలో కూర్చోమని. సభ ఏడాదికి ఇన్ని రోజులు తప్పనిసరిగా కూర్చోవాలని ఒక నియమం వస్తే తప్ప ఈ 60 రోజుల నిబంధనకు పదును రాదు. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు దాటకూడదని మాత్రమే ఇప్పుడు ఉంది.

గ్రూప్‌టూ ప్రయాణం

అర్హతల గురించి ఒక్కటి. మా స్నేహితుడిది కర్నూలు, ఓటు మాత్రం హైదరాబాదులో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎమ్మెల్యేగా పోటీ చేయవచ్చా? వయసు 26.

పాత దస్తావేజు

వయసు సరిపోయింది, శాసనసభకు 25 చాలు. మండలికైతే 30 కావాలి. ఓటు దగ్గరే చిక్కు. శాసనసభకు పోటీ చేయాలంటే ఆ రాష్ట్రంలోని ఏదో ఒక నియోజకవర్గంలో ఓటరై ఉండాలి. కర్నూలులోనే ఉండనక్కర్లేదు, ఆంధ్రప్రదేశ్‌లో ఎక్కడైనా సరే. ముందు ఓటు మార్పించుకోమనండి. లోక్‌సభకైతే దేశంలో ఎక్కడ ఓటున్నా పరవాలేదు. ఒకేసారి రెండు స్థానాలకు మించి పోటీ చేయడానికి లేదు, 1996 నుంచి ఆ నియమం ఉంది. అంతకుముందు లేదు కాబట్టే 1985లో రామారావు గారు గుడివాడ, హిందూపురం, నల్లగొండ మూడింటా నిలబడి మూడింటా గెలిచారు.

రాయలసీమ రైతుబిడ్డ

ఆంధ్రలో 225, తెలంగాణలో 153 చేస్తామని విభజన చట్టంలో రాశారు కదా. ఇన్నేళ్లయినా ఎందుకు కాలేదు? మా నియోజకవర్గం ఈ చివరి నుంచి ఆ చివరికి పోవాలంటే పూట పడుతుంది. ఎమ్మెల్యేను కలవాలంటే ఒక రోజు కూలి పోయినట్టే.

కృష్ణవేణి తీరం

26వ సెక్షన్‌లో ఆ అంకెలు ఉన్నాయి. కానీ అదే సెక్షన్‌లో, రాజ్యాంగం 170వ అధికరణానికి లోబడి అన్న మాట కూడా ఉంది. 2026 తర్వాత జరిగే మొదటి జనగణన లెక్కలు వెలువడేదాకా శాసనసభల స్థానాల సంఖ్య మార్చకూడదని ఆ అధికరణం అంటుంది. జమ్మూ కశ్మీర్‌లో స్థానాలు పెంచారు కదా, మాకూ పెంచండని వేసిన పిటిషన్‌ను 2025 జులైలో సుప్రీంకోర్టు కొట్టేసింది. అది కేంద్రపాలిత ప్రాంతం, 170వ అధికరణం రాష్ట్రాలకు సంబంధించింది, రెండింటినీ పోల్చలేమని చెప్పింది. మహిళలకు మూడో వంతు స్థానాలిచ్చే 106వ సవరణ కూడా జనగణనకూ నియోజకవర్గాల పునర్విభజనకూ ముడిపెట్టిందే.

మీరు చెప్పిన దూరం సమస్యకు 50 మంది ఎమ్మెల్యేలు పెరిగితే కొంత ఊరట దొరుకుతుంది. దాంతోపాటు మంత్రుల సంఖ్యా పెరుగుతుందని మరవకండి. శాసనసభలో 15 శాతం అన్న పరిమితి వల్ల ఇప్పుడు ముఖ్యమంత్రితో కలిపి ఆంధ్రలో 26, తెలంగాణలో 18. సభ 225 అయితే మంత్రులు 33 లేదా 34 దాకా ఉండవచ్చు.

పాత దస్తావేజు

గడువు మాట మొదలుపెట్టారు కాబట్టి ఇదీ చూసుకోండి. ఒకే దేశం ఒకే ఎన్నిక కోసం 129వ సవరణ బిల్లును 2024 డిసెంబరు 17న లోక్‌సభలో ప్రవేశపెట్టి సంయుక్త కమిటీకి పంపారు. అందులో 172వ అధికరణానికే మార్పు ప్రతిపాదించారు. సభ మధ్యలో రద్దయి మళ్లీ ఎన్నికలు జరిగితే, కొత్త సభకు ఐదేళ్లు ఉండవు, పాత సభకు మిగిలిన కాలమే. 1985లో ఆ నియమం ఉండి ఉంటే, మార్చిలో గెలిచిన సభ 1988 మొదట్లోనే ఇంటికి పోవాల్సి వచ్చేది. ఉప ఎన్నికలో గెలిచిన ఎమ్మెల్యేకు ఇప్పుడున్న నియమాన్నే మొత్తం సభకు వర్తింపజేస్తున్నారు.

కార్ఖానా వాసి

అలాగైతే 151ఏ లాంటి గీత ఒకటి అక్కడా గీస్తారా? మిగిలింది ఏడాది లోపే కదా అని మొత్తం రాష్ట్రానికే ఎన్నికలు పెట్టకుండా రాష్ట్రపతి పాలనలో ఉంచితే? కృష్ణవేణి గారూ, బిల్లు ప్రతి మీ దగ్గర ఉంటే ఆ భాగం ఇక్కడ పెట్టండి. మా కాలనీ సంఘం తరఫున ఆ కమిటీకి ఉత్తరం రాద్దామనుకుంటున్నాం. 151ఏ గడువును ఆరు నెలలకు తగ్గించమని కూడా అందులోనే అడుగుతాం.